బయటి మైకు

మా బడి హెడ్మాస్టరు గారికి నా గొంతంటే భయం. మిర్యాలగూడలో మాది రోడ్డు పక్కనే ఉన్న హైస్కూలు. వడ్ల సీజన్ వచ్చిందంటే మిల్లులకు పోయే ట్రాక్టర్లు మా గేటు ముందు నుంచే బారులు తీరతాయి. ఎండలో నిలబడ్డ డ్రైవర్లు ఇంజన్లు ఆపరు. ఆ మోతలో కూడా నేను ఎనిమిదో తరగతికి చెప్పే సోషల్ పాఠం గేటు దాకా వినిపిస్తుందట. "మేడమ్, మీరు జర తగ్గితే పక్క క్లాసుల లెక్కల సారు గుడ బతుకుతడు" అని ఆయన రెండు చేతులూ జోడిస్తారు. ఒకసారి ట్రాక్టరు డ్రైవరొకడు గేటు దగ్గరికి వచ్చి, కాకతీయుల చెరువుల గురించి మేడమ్ బాగా చెప్పిందని వాచ్‌మన్‌తో అని పోయాడు. నాకు ఇంతవరకు ఉత్తమ ఉపాధ్యాయురాలి అవార్డు రాలేదు. ఆ మాటనే అవార్డు కింద జమ వేసుకున్నాను.

"ఎవరి పోలిక మేడమ్ ఈ గొంతు?" అని కొత్తగా వచ్చిన టీచర్లు అడుగుతారు. మా అమ్మ పోలిక అంటాను. అది సగమే నిజం. ఇంటర్లో చేరినప్పుడు నాది పిల్లి గొంతు. హాజరు పిలిచినప్పుడు నేను "ప్రెజెంట్ సార్" అన్నది నా పక్కన కూర్చున్న పిల్లకే వినపడేది కాదు, క్లాసులో కూర్చునే ఆబ్సెంటు వేయించుకున్న ఘనత నాది. గొంతు తర్వాత వచ్చింది. అది వచ్చిన దారి చెప్పాలంటే మా అమ్మ గురించీ, మా చర్చి కప్పు మీద ఉన్న మైకు గురించీ చెప్పాలి.

మా ఊరు కోదాడ దాటాక అనంతగిరి పోయే వైపు. అమ్మ నాట్లు వేసే ముఠాలో ముందు గొంతు. నాట్లు వేయడం చూసినవాళ్లకు తెలుసు, ఆడవాళ్లు వరసగా నిలబడి, నడుము వంచి, బురదలో వెనక్కి వెనక్కి నడుస్తూ నారు గుచ్చుతారు. పాట లేకపోతే ఆ నడుము పొద్దంతా నిలవదు. ఒకామె ఒక చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకునే గొంతు వరస చివరి దాకా వినపడాలి. మా అమ్మ గొంతు వరస చివరి దాకా ఏం ఖర్మ, గట్టు దాటి పక్క పొలం ముఠాకు కూడా వినపడేది. వాళ్లూ అందుకునేవాళ్లు. అట్లా ఒక పాట పొలం నుంచి పొలానికి కాల్వ కట్ట వెంట పోతూ ఉండేది. అమ్మ లేని రోజు ముఠాలో పని నెమ్మదిస్తుందని రైతులే అనేవాళ్లు.

పొలంలో అంత గొంతున్న మనిషి, గడప లోపలికి వస్తే మాత్రం చాలా తక్కువ మాట్లాడేది. మా నాయన కోదాడలో రైసు మిల్లు హమాలీ. నోట్లో నాలుక లేని మనిషి. మా ఇంట్లో సాయంత్రం పూట ఎక్కువగా మాట్లాడేది కుక్కరు.

ఆదివారం మాత్రం అమ్మ మాట్లాడేది. మా గూడెంలో చిన్న చర్చి ఉంది, రేకుల కప్పు. ఆరాధనలో పాటలయ్యాక, పాస్టరు గారి వాక్య ప్రసంగానికి ముందు, సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి మైకు పట్టుకుని, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. పొద్దున లేస్తే పనికి పోయి, చెప్పిన పని చేసి, ఇచ్చింది తీసుకుని వచ్చే ఆడవాళ్లకు, ఈ లోకంలో ఎవరన్నా మైకు చేతికిచ్చి "చెప్పమ్మా" అనే చోటు అదొక్కటే. అమ్మ ప్రతివారం లేచేది. ప్రతివారం అదే చెప్పేది. "దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు. గడిచిన వారమంత నన్ను, నా పెనిమిటిని, నా బిడ్డను కాపాడిన దేవునికి స్తోత్రం." అంతే, కూర్చునేది. నేను చాప మీద కూర్చుని అమ్మ కంటే ముందే పెదవులతో అనేసేదాన్ని.

మైకు సంగతి చూసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. అందరూ మైకు తాత అనేవాళ్లు, అమ్మకు మామ వరస. ఆయనకు రెండు చెవులూ సరిగ్గా వినపడవు. చెవిటాయనకు మైకు అప్పజెప్పారేమిటి అనొద్దు, మైకుసెట్టు కొన్నది ఆయనే. సాక్ష్యం చెప్పేవాళ్ల పెదవులు ఆగినప్పుడల్లా "స్తోత్రం!" అని కేకేసే అలవాటు కూడా ఆయనకుంది. చెప్పింది మేలైనా కీడైనా ఆయనకు సంబంధం లేదు, పెదవులు ఆగితే చాలు.

మా చర్చికి రెండు మైకులు. ఒకటి లోపల గోడకున్న పెట్టె. రెండోది గోడ పక్కన పాతిన గుంజకు, కప్పు మీదుగా కట్టిన పెద్ద బూర, దాని మూతి ఊరి వైపు. పాటలకూ వాక్యానికీ రెండూ నడుస్తాయి. సాక్ష్యాల సమయానికి మాత్రం బయటి మైకు బందు పెట్టాలి. అది మా సంఘం కట్టుబాటు. ఎందుకంటే సాక్ష్యాల్లో ఇంటి గుట్లు వస్తాయి. మొగుడు తాగుడు మానాలని ప్రార్థన చేయమనేవాళ్లుంటారు, కోడలు సరిగ్గా చూస్తలేదని ఏడ్చేవాళ్లుంటారు. వెనకెప్పుడో ఒకామె బాధ బూరలోంచి ఊరంతా పోయి, మర్నాడు కిరాణా కొట్టు దగ్గర నవ్వులపాలైందట. అప్పటి నుంచి సాక్ష్యం మొదలయ్యే ముందు తాత లేచి, వేలితో ఒక స్విచ్చి కిందికి నొక్కుతాడు. అప్పుడు గూడెం మాట గూడెంలోనే ఉంటుంది.

ఇప్పుడు కాల్వ కట్ట సంగతి. కోదాడ నుంచి వచ్చే బస్సు మా ఊళ్లోకి రాదు, రోడ్డు మీదే దింపుతుంది. అక్కడి నుంచి సాగర్ కాల్వ కట్ట మీద నడిచి ఊరు చేరాలి. ఇంటర్ చదివే ఆడపిల్లలం ఐదారుగురం కలిసి నడిచేవాళ్లం. ఊళ్లో పెద్ద రైతు ఉన్నాడు, పటేలు అంటారు, మా ముఠా ఎక్కువ రోజులు పనిచేసేది ఆయన పొలాల్లోనే. ఆయన కొడుకు చదువు ఆపేసి, కొత్త బుల్లెట్ బండి కొనిపించుకుని, సాయంత్రం మా బస్సు టైముకు కట్టెక్కేవాడు. మొదట హారన్ కొట్టేవాడు. తర్వాత బండి అడ్డం పెట్టేవాడు. తర్వాత మా చుట్టూ తిప్పుతూ, ఒక్కొక్కరి చున్నీ కొస అందుకుని వదిలేవాడు. పొలాల్లో మనుషులుండేవాళ్లు. చూసేవాళ్లు. పటేలు కొడుకు గదా అని మళ్లీ వంగేవాళ్లు.

మేం ఇళ్లల్లో చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాం. దొంగతనం చేసింది వాడైతే తేలు మాకు కుట్టింది. ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. బండికి తాళం పడదు, మా చదువుకు పడుతుంది. అప్పటికే ఒక పిల్ల ఇంట్లో చెప్పి, పై వారం నుంచి కాలేజీ మానేసి కలుపుకు పోతోంది. నోరు విప్పితే చదువు పోతుంది, మూసుకుంటే చున్నీ పోతుంది. మేం చున్నీ పోతే పోనీ అనుకున్నాం. ఆడపిల్లల మౌనాన్ని సిగ్గు అంటారు గానీ అది సిగ్గు కాదు, లెక్క.

ఒకరోజు వాడు చున్నీ అందుకుని వదల్లేదు. బండి ముందుకు పోయింది, నేను కట్ట మీద పడ్డాను, చున్నీ నిలువునా చినిగింది. ఇంటికి వచ్చి, సర్కారు తుమ్మకు తట్టుకుందని అమ్మకు చెప్పాను. అమ్మ బోళ్లు తోముతోంది. చేయి ఆపింది.

"కట్ట మీద తుమ్మ యాడుందే? మొన్న ఎండాకాలం ఉపాధి పనిల మేమే గద కొట్టేసింది."

నాకు ఇంకో అబద్ధం దొరకలేదు. ఏడుస్తూ అంతా చెప్పాను. చివర, "నాయనకు చెప్పకమ్మా, చదువు మాన్పిస్తడు" అన్నాను. అమ్మ మిగిలిన బోళ్లు తోమింది. కడిగి బోర్లించింది. "పో, మొకం కడుక్కో" అంది. రెండు మూడు రోజులు ఆ మాటే ఎత్తలేదు. అమ్మ కూడా నాలాగే లెక్క వేసుకుని ఊరుకుందని అనుకున్నాను.

ఆ ఆదివారం పాటలు సగంలో ఉండగా కరెంటు పోయింది. చప్పట్లు కొడుతూ అట్లాగే పాడారు. సాక్ష్యాలకు లేచే వేళకు కరెంటు వచ్చింది. తాత హడావుడిగా మైకుసెట్టు వేశాడు. అన్ని స్విచ్చులూ పైకి నొక్కాడు. కిందికి నొక్కాల్సిన ఆ ఒక్క స్విచ్చి మర్చిపోయాడు. బయట బూర మోగితే లోపలున్న మాకు తెలియదు, లోపలి పెట్టె మోతే చెవులు బద్దలు కొడుతుంది. ఇక ఆయన సంగతి చెప్పక్కర్లేదు.

అమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. "దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు" అంది. నేను పెదవులు కదుపుతున్నాను. తర్వాతి మాట నేను అనుకున్నది కాదు.

"ఈ వారం నా బిడ్డను కాపాడు దేవా అని నేను అడిగిన. ఆయన కాపాడలే."

"స్తోత్రం!" అన్నాడు తాత.

"పటేలు కొడుకు రోజూ కట్ట మీద బండి అడ్డం పెట్టి ఆడపిల్లల సున్నీలు గుంజుతుండు. మొన్న నా బిడ్డను కింద పడగుంజిండు."

"స్తోత్రం!"

"పొలాల్ల ఉన్నోళ్లందరు సూసిండ్రు. ఒక్కరు ఇదేందిరా అన్లే."

"స్తోత్రం!"

ఎవరో తాత మోచేయి పట్టుకుని గుంజారు. పాస్టరు గారు బైబిలు మూసి మళ్లీ తెరిచారు. అమ్మ కొంచెం కూడా తడబడలేదు. "వాడు ఎవని కొడుకైతే నాకేంది, నా బిడ్డ చదువుకోను పోతుంది, వాని బండి సూడను గాదు. దేవుడా, నువ్వన్న ఇను. సంఘమన్న ఇనుండ్రి" అని మైకు ఇచ్చేసి కూర్చుంది.

అమ్మ చెప్పింది చాపల మీద కూర్చున్న పది పదిహేను ఇళ్ల వాళ్లకు. విన్నది ఊరు మొత్తం. కిరాణా కొట్టు విన్నది. హోటల్లో చాయ్ తాగేవాళ్లు విన్నారు. పటేలు వరండాలో పేపరు చదువుతూ విన్నాడు. గట్ల మీద మందు చల్లుతున్న వాళ్లు పంపులు ఆపి మరీ విన్నారట. మేం చర్చిలోంచి బయటికి వచ్చేసరికి, ఎప్పుడూ మా గూడెం వైపు రాని వాళ్లు వీధి మొదట్లో గుంపుగా నిలబడి ఉన్నారు. అప్పుడు తల ఎత్తి చూస్తే బూర ఇంకా గరగరమంటోంది.

నాకు అమ్మ మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇంటికి వచ్చి, పరువు తీసినవని అరిచాను. ఆ పిల్లి గొంతుతోనే. అమ్మ అన్నం వడ్డిస్తూ, "గుంజింది వాడు. పోతే వాని పరువు పోవాలె. నీదెట్ల పోతదే?" అంది.

మర్నాడు ముఠా పటేలు పొలంలో నాట్లకు పోయింది. ఆయన గట్టు మీదే నిలబడి ఉన్నాడట. అరవలేదు, తిట్టలేదు. మెత్తగా మాట్లాడే మనిషి.

"కరెంటు పొరపాటు అయితది, మైకు పొరపాటు అయితది, మనిషి పొరపాటు కాదా? వచ్చే ఆదివారం అదే మైకుల, తప్పయింది అని ఒక్క మాట చెప్పు. ఊరంత ఇన్నది గద, మల్ల ఊరంత ఇనాలె. చెప్పినంక వచ్చి నాట్లు ఎయ్యుండ్రి. అప్పటి దాక ఈ పొలాల అడుగు పెట్టొద్దు."

అమ్మ నారు కట్ట కింద పెట్టి వచ్చేసింది. ఆమె వెనకే ముఠా మొత్తం వచ్చేసింది. ఇష్టపడి వచ్చారో, పాట ఎత్తుకునే మనిషి లేకుండా ఏం వేస్తాంలే అని వచ్చారో నాకు తెలియదు. వచ్చారు.

సాయంత్రం పాస్టరు గారు ఇంటికి వచ్చారు. చర్చి ఉన్న జాగా పటేలు తండ్రి ఇచ్చింది. ఆయన భయం ఆయనది. "అమ్మా, అది దేవుని మందిరం కదా, పంచాయితీ చావడి కాదు కదా" అన్నారు.

"నేను దేవునికే సెప్పిన అయ్యగారూ. ఊరికి సెప్పింది మైకు" అంది అమ్మ.

ఆయనకు నవ్వు వచ్చింది, ఆపుకున్నారు. పోతూ పోతూ, "వచ్చేవారం ఆలోచించి మాట్లాడు తల్లీ" అన్నారు. ఏం మాట్లాడమన్నారో చెప్పలేదు.

నాయన మాత్రం చెప్పాడు. ఆయన నోట అంత పొడుగు మాట నేను అంతకు ముందు వినలేదు. "ఇగ కాలేజీ వద్దు. సూర్యాపేటల మా చెల్లె దగ్గర ఉంచుదాం. కుట్టుమిషను నేర్చుకుంటది. నువ్వు ఆదివారం ఆ ఒక్క మాట చెప్పు, ఖతం అయితది. పోరగానితోని మనకెందుకు." నా పుస్తకాల సంచి తీసి గోడకున్న మేకుకు తగిలించాడు. అమ్మ, "ఆదివారం దాక ఆగు" అంది. నాయన ఆగాడు. నా చదువు ఆ మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. బస్సు వచ్చే వేళకు నేను గడపలో కూర్చుని దాని వైపే చూసేదాన్ని.

ఆ వారంలో ఒక్కొక్క తల్లీ మా పెరటికి రావడం మొదలుపెట్టింది. ఉప్పు కోసమనో, చేట కోసమనో వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మా పిల్లను గుడ గట్లనే సేసిండంట అక్కా" అనేది. ఒకామె తర్వాత ఒకామె. అమ్మ అందరికీ ఒకటే చెప్పింది. "నా చెవుల సెప్తే ఏమొస్తది సెల్లె? నాకు తెలిసిందే. మైకుల సెప్పు." వాళ్లు చేట కూడా తీసుకోకుండా వెళ్లిపోయేవాళ్లు.

ఆదివారం వచ్చింది. ఎన్నడూ చర్చి మెట్లెక్కని మా నాయన ఆ రోజు వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఊళ్లోవాళ్లు కిరాణా కొట్టు దగ్గర ముందే చేరారని పిల్లలు వచ్చి చెప్పారు. మాఫీ వినడానికి. పాటలు అయ్యాయి. ఆ పూట కరెంటు పోలేదు. తాత అలవాటు కొద్దీ లేచి, స్విచ్చి కిందికి నొక్కాడు.

అమ్మ మైకు తీసుకుని మాట్లాడలేదు. తాతను చూసి, చూపుడు వేలు కప్పు వైపు ఎత్తింది. ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ ఎత్తింది. అప్పుడు ఆయన స్విచ్చి పైకి నొక్కి, అది చాలదన్నట్టు చేతికర్ర పట్టుకుని బయటికి నడిచాడు. బూర కట్టిన గుంజ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చెవులు చెప్పనిది చెయ్యి చెబుతుంది ఆయనకు. లోపలికి వచ్చి, మోగుతోందని తల ఊపాడు. పాస్టరు గారు నేల చూపులు చూస్తున్నారు. వద్దనలేదు.

"దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు" అంది అమ్మ. "పోయినారం నేను సాక్ష్యం సెప్పినప్పుడు కరెంటు అప్పుడే వచ్చింది, మైకు గరగరలాడింది. ఊర్ల కొంతమందికి సగమే ఇనపడ్డదంట. కొంతమందికి తప్పుగ ఇనపడ్డదంట. అందుకని, మొదటికెల్లి మల్ల సెప్తున్న."

చెప్పింది. ఒక్క మాట తగ్గించకుండా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఈసారి దేవునికి కాదు, నేరుగా ఊరికే చెప్పింది. నాట్లలో పాట ఎత్తుకునే గొంతు అది. ఆ గొంతు చర్చి లోపల నేను వినడం అదే మొదలు. చివర ఇంకో మాట కలిపింది. "కట్టకు రెండు దిక్కుల పొలాలున్నయ్. పొలాల్ల మనుషులున్నరు. మీ ఇండ్లల్ల గుడ ఆడపిల్లలున్నరు. సూసినోళ్లు సూడలేదనొద్దు. నా బిడ్డ సదువు మానదు. రేపు పొద్దుగాల పోతది, గా కట్ట మీదికెల్లే పోతది."

పెదవులు ఆగాయి. మైకు తాత నోరు తెరిచాడు. ఆయన కంటే ముందే ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది, "స్తోత్రం!" ఒకరు కాదు, చాపల మీదున్న అందరూ. చరణం ఎత్తుకుంటే అందుకున్నట్టు అందుకున్నారు. అమ్మ కూర్చుంటూ మైకు పక్కకు చాపింది. చేట కోసం వచ్చిపోయిన ఆడవాళ్లలో ఒకామె లేచి దాన్ని పట్టుకుంది.

అప్పుడు మా అమ్మను చూసి నా గుండె ఎంత పొంగిందో ఎన్ని పాఠాలు చెప్పినా నాకు చెప్పడం రాదు. అక్కడున్న ప్రతి ఒక్కరి భుజం తట్టి, ఆమె మా అమ్మ అని చెప్పాలనిపించింది. అందరికీ తెలిసిందే, అయినా చెప్పాలనిపించింది.

దీంతో ఊరు మారిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. పటేలు తప్పు ఒప్పుకోలేదు. బయటి రాష్ట్రం కూలీలను దింపి నాట్లు వేయించుకున్నాడు. ఆ పొలాల్లో పని మా ముఠాకు మళ్లీ చాలాకాలం దొరకలేదు. కానీ కట్ట వెంట చిన్న రైతుల మడులున్నాయి, నారు ముదిరితే వాళ్లు ఆగలేరు. వాళ్లు పిలిచారు. ఆ పిల్లవాడు మారాడో లేదో నాకు తెలియదు, నాకు అక్కర్లేదు. ఊరంతా విన్న తర్వాత, ఊరంతా చూస్తుండగా, బండెక్కి కట్ట మీదికి రావడం వాడి వల్ల కాలేదు. నేను తర్వాత సూర్యాపేటలో మా మేనత్త ఇంట్లోనే ఉన్నాను, కుట్టుమిషను నేర్చుకోవడానికి కాదు, బీఈడీ చదవడానికి. ఆ మిషను మీద ఇప్పటికీ నాకు గుండీ కుట్టడం కూడా రాదు.

ఆ సోమవారం పొద్దున లేచేసరికి పుస్తకాల సంచి మేకుకు లేదు. గడపలో, నా చెప్పుల పక్కన పెట్టి ఉంది. నాయన అప్పటికే మిల్లుకు వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్సు దిగాం. కట్ట ఎక్కాం. అందరం ఒకరినొకరం పట్టుకుని నడుస్తున్నాం. బండి చప్పుడు లేదు గానీ, ఏ తూము పక్కనుంచి వస్తుందో అని వెనక్కి తిరిగి చూసుకుంటున్నాం. మొదటి మడి దగ్గరికి రాగానే కింది నుంచి అమ్మ గొంతు.

"వచ్చినవా బిడ్డా?"

ముఠా నాట్లలో ఉంది. అమ్మ నడుము ఎత్తి, బురద చేయి కంటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. నేను "వచ్చిన" అన్నాను.

"ఇనపడలే!"

"వచ్చినమ్మా."

ఈసారి వరస మొత్తం నడుములు ఎత్తింది. నారు చేతుల్లోనే ఉంది. అందరూ ఒక్కసారే అన్నారు, "ఇనపడలే బిడ్డా!"

అప్పుడు అరిచాను. నా లోపల అంత కేక ఉందని నాకే తెలియదు. "వచ్చినా!" అన్నది కాల్వ నీళ్ల మీద నుంచి అవతలి గట్టుకు పోయింది. వాళ్లకు అది చాలలేదు, పక్కనున్న పిల్లలనూ పేరు పేరునా పిలిచి, అరిచేదాకా వదల్లేదు. ఆ తర్వాత పక్క మడిలో ఇంకో ముఠా తల ఎత్తింది. "ఎవరొస్తున్నరు?" అని అందుకుంది. అక్కడా అరిచాం. దాని తర్వాతి మడిలో కూడా. పాట పోయినట్టే ఆ పిలుపు మా కంటే ముందు ఊరి దాకా పోయింది.

ఇంటర్ అయ్యేదాకా అంతే. నాట్లప్పుడు నాట్లలోంచి, కలుపప్పుడు కలుపులోంచి, కోతలప్పుడు కోతల్లోంచి పిలిచేవాళ్లు. జవాబు వినపడేదాకా వాళ్లు నడుము వంచేవాళ్లు కాదు. మేం కట్ట మీద నుంచి అరిచేవాళ్లం. ఈ గొంతు అక్కడ తయారైంది. ఈసారి హెడ్మాస్టరు గారు చేతులు జోడించి తగ్గమంటే ఇదంతా చెప్పాలి. అప్పుడు కూడా తగ్గమంటే, మా అమ్మను పిలిపిస్తాను.